అతిథిగా వెళ్లే దాత

అమెరికా సంయుక్త రాష్ట్రాల క్రైస్తవ సంఘాలలో, ముఖ్యంగా ప్రొటెస్టెంట్ సంఘాలలో, గడచిన అర్ధశతాబ్దంలో బలపడిన ఆచారం ఒకటి ఉంది. భార్యాభర్తలు పిల్లలను వెంటబెట్టుకొని వేసవి సెలవుల్లో మెక్సికోకో గ్వాటెమాలాకో హోండురస్‌కో వెళ్లి, అక్కడి సంఘం ఏర్పాటు చేసిన బసలో వారం పది రోజులు ఉండి, పేదల ఇళ్లకు గోడలు లేపడం, బడులకు రంగులు వేయడం, వీబీఎస్ అని పిలిచే సెలవుల బైబిలు తరగతులు నడపడం వంటి పనులు చేసి తిరిగి వస్తారు. సువార్త ప్రకటనకు, సేవకు సంఘం తన సభ్యులను బయటికి పంపడాన్ని మిషన్ అంటారు గనుక దీనికి స్వల్పకాలిక మిషన్ యాత్ర అనే పేరు స్థిరపడింది. మతాన్ని సమాజశాస్త్ర దృష్టితో పరిశీలించిన రాబర్ట్ వుత్‌నౌ, స్టీఫెన్ ఆఫట్ 2008లో ప్రచురించిన అంచనా ప్రకారం ఏటా సుమారు 16 లక్షల మంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకు వెళ్తున్నారు. ఇంతగా వ్యాపించిన ఆచారాన్ని కొందరి ఉత్సాహమనో మరికొందరి ఆడంబరమనో కొట్టివేయడం కుదరదు. అది ఏ ధర్మసూత్రం మీద నిలబడి ఉందో పరిశీలించవలసి ఉంటుంది.

ఈ యాత్రలను సమర్థించేవారు సాధారణంగా మూడు కారణాలు చెబుతారు. పేదలకు మేలు జరుగుతుందన్నది మొదటిది. సకల జనులను శిష్యులనుగా చేయమని మత్తయి సువార్త చివర క్రీస్తు ఇచ్చిన ఆదేశాన్ని, అంటే క్రైస్తవులు గొప్ప ఆజ్ఞ అని పిలిచేదాన్ని, పాటించినట్లవుతుందన్నది రెండవది. సంపన్న దేశంలో పెరిగే పిల్లలు లేమిని కళ్లారా చూసి, తమకున్నదాని విలువ గ్రహించి, కరుణ అలవరచుకొంటారన్నది మూడవది. ఒంటరిగా వెళ్లే యువకుడి విషయంలో ఈ మూడవ కారణం గౌణం కావచ్చు గాని, కుటుంబం వెళ్లినప్పుడు అదే ప్రధానమవుతుంది. పదేళ్ల పిల్లవాడు గోడ కట్టడానికి కాక ఆ గోడ దగ్గర ఏదో నేర్చుకోవడానికి వస్తున్నాడని తల్లిదండ్రులకూ తెలుసు, ఆతిథ్యమిచ్చేవారికీ తెలుసు. కనుక ఇక్కడ విచారించవలసిన ప్రశ్న ఇది: ఒక కుటుంబం తన పిల్లల శీలాన్ని తీర్చిదిద్దుకోవడానికి మరొక కుటుంబపు పేదరికాన్ని ఆధారం చేసుకోవడం ధర్మమేనా, అయితే ఏ షరతుల మీద?

ఈ ప్రశ్న పూర్వపు మిషనరీలకు ఎదురుకాలేదు. 1812 ఫిబ్రవరిలో మసాచుసెట్స్‌లోని సేలం రేవులో ఓడ ఎక్కిన అడోనిరామ్ జడ్సన్, ఆన్ దంపతులు తిరిగి వస్తామన్న ఆశతో వెళ్లలేదు. ఆన్ 1826లో బర్మాలోనే కన్నుమూయగా, జడ్సన్ ఆ తరువాతి దశాబ్దాలలో స్వదేశానికి ఒక్కసారి మాత్రమే వెళ్లివచ్చాడు. 1836లో విశాఖపట్నం చేరి 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకొన్న శామ్యూల్ డే కుటుంబానికీ, 1866 నుంచి ఒంగోలులో పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ కుటుంబానికీ తెలుగు నేర్చుకోవడం, తెలుగువారి మధ్య ఏళ్ల తరబడి కాపురముండటం వృత్తిలో భాగాలే. వారి పనిలో వలసపాలన నీడ ఎంత ఉన్నదన్నది వేరే చర్చ. ఆ పనికి వారు చెల్లించిన మూల్యం తమ జీవితకాలమన్నది మాత్రం నిర్వివాదం. ఇరవయ్యో శతాబ్ది నడిమిలో జెట్ విమానాలు వచ్చి ప్రయాణం గంటల్లోకి కుదించుకుపోయాక, 1960లో యువజనులను తక్కువ కాలానికి మిషన్‌కు పంపే యూత్ విత్ ఎ మిషన్ సంస్థ, 1961లో మతంతో నిమిత్తం లేని ప్రభుత్వ సేవాదళం పీస్ కోర్ ఆరంభమైనాక, సేవ ఒక జీవితవృత్తిగా కాక జీవితంలో ఒక దశగా మారింది. దానితోపాటు మిషన్ ప్రయోజనపు దిశ కూడా మారింది: పూర్వం ఇతరులను మార్చడానికి మిషనరీ వెళ్లేవాడు, ఇప్పుడు తాను మారడానికి వెళ్తున్నాడు. తిరిగి వచ్చిన తరువాత సంఘం ముందు నిలబడి చెప్పే సాక్ష్యంలో, అంటే దేవుడు తన జీవితంలో చేసిన పనిని గురించిన వాంగ్మూలంలో, వెళ్లిన ఊరి కథ కన్నా వెళ్లినవారి హృదయపరివర్తనే ఎక్కువగా వినిపించడం ఈ మార్పుకు నిదర్శనం.

ఈ యాత్రల మీద వచ్చిన విమర్శలలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది ఖర్చుకు సంబంధించినది. 1998 అక్టోబరు చివర మిచ్ తుఫాను హోండురస్‌ను ధ్వంసం చేసిన తరువాత జరిగిన గృహనిర్మాణాన్ని, ఆ దేశంలో నివసిస్తున్న సమాజశాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించాడు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఒక బృందం ఒక ఇంటి కోసం ప్రయాణాలతో కలిపి సుమారు 30,000 డాలర్లు వెచ్చించగా, స్థానిక సంస్థలు సుమారు 2,000 డాలర్లకే అటువంటి ఇల్లు కట్టగలిగాయి. ఇల్లు పొందిన కుటుంబాల జీవితాల మీద మాత్రం, కట్టినవారు విదేశీయులైనా స్థానికులైనా, చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వెళ్లివచ్చినవారి దానశీలంలోనూ ప్రార్థనాజీవితంలోనూ నిలకడైన మార్పు స్వల్పమేనని కూడా అదే అధ్యయనం తేల్చింది. అంటే పేదలకు మేలు, యాత్రికులకు పరివర్తన అనే రెండు వాగ్దానాలూ ఆశించినంతగా నెరవేరడం లేదన్నమాట.

అయితే లెక్కలతో మాత్రమే ఈ వివాదం తీరదు. మనిషి మనిషి దగ్గరకు వెళ్లడాన్ని ఇటుకల ధరతో తూచరాదని, డబ్బు పంపి ఊరుకొంటే ముఖపరిచయమే ఉండదని సమర్థకులు అంటే ఆ మాటను తోసిపుచ్చలేము. కాని ఆ సమాధానం ఒప్పుకొన్న వెంటనే మరొక విషయం బయటపడుతుంది: ఇంటి ఖరీదుకూ యాత్ర ఖరీదుకూ మధ్య ఉన్న ఆ వ్యత్యాసంతో కొన్నది ఆ పరిచయాన్నే అయితే, అది ఎవరి ప్రయోజనం కోసం కొన్నది? సేవాయాత్రల ఖర్చుకు పన్ను మినహాయింపు ఇచ్చే సందర్భంలో అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఒక నియమం పెట్టింది. ఆ ప్రయాణంలో వ్యక్తిగత వినోదం గాని విహారం గాని గణనీయమైన అంశంగా ఉండకూడదని, అయితే నిజంగా విధి నిర్వహించినవాడు ఆ పనిలో ఆనందం పొందినంత మాత్రాన మినహాయింపు పోదని దాని సారాంశం. యాత్రికుడికి కలిగిన సంతోషాన్ని పన్ను శాఖ లెక్కలోకి తీసుకొన్నది గాని, అతనికి కలిగిన ఆత్మోన్నతి కూడా ఒక లాభమే గదా అన్న ప్రశ్న దాని పరిధిలోకి రాదు. ఆ ప్రశ్న నీతిశాస్త్రానిది.

ఈ విషయంలో జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ ప్రతిపాదించిన సూత్రం ఉపకరిస్తుంది. ఏ మనిషినైనా కేవలం సాధనంగా వాడుకోరాదని, ప్రతి మనిషీ తనంతట తానే ఒక లక్ష్యమని ఆయన 1785లో వాదించాడు. పిల్లలకు కృతజ్ఞత నేర్పడానికి పేదవాడి గుడిసెను చూపించినప్పుడు ఆ గుడిసెలోని మనిషి పాఠ్యవస్తువు అవుతున్నాడు. అతని లేమి ఎంత ఎక్కువైతే పాఠం అంత బలంగా నాటుకొంటుంది. దీనికి ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. వైద్యవిద్యార్థి రోగి శరీరం మీదనే వైద్యం నేర్చుకొంటాడు, అయినా దానిని ఎవరూ అధర్మం అనరు గదా అన్నది ఆ ఆక్షేపణ. కాని అక్కడ విద్యార్థి వెనుక బాధ్యత వహించే గురువు ఉంటాడు, వద్దనే హక్కు రోగికి ఉంటుంది, ఆ చదువు చివరకు రోగులకే పనికివస్తుంది. మిషన్ యాత్రలో ఆతిథ్యమిచ్చే సంఘకాపరికి వద్దనే అవకాశం పేరుకు మాత్రమే ఉంటుంది. సందర్శకుల వెంట వచ్చే విరాళాల మీద ఆయన సంఘం ఆధారపడి ఉన్నప్పుడు, అవసరం లేని గోడకు కూడా ఆయన అవసరం కల్పించి చూపించవలసి వస్తుంది. కాథలిక్ మతాచార్యుడు ఇవాన్ ఇల్లిచ్ 1968లో, మెక్సికోలో వేసవిసేవకు సిద్ధమైన విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగం ఈ అంశాన్నే మరింత కటువుగా చెప్పింది: చూడటానికి, చదువుకోవడానికి రావచ్చునని, సాయం చేయడానికి మాత్రం రావద్దని ఆయన వారిని కోరాడు. సాయపడతానన్న భావమే వచ్చినవాడిని ఎదుటివాడి కన్నా పైమెట్టు మీద నిలబెడుతుందన్నది ఆయన అభిప్రాయం.

సంకల్పం శుద్ధమైతే దోషం పోతుందన్నది ఈ విమర్శకు మతాలు సాధారణంగా చెప్పే జవాబు. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని క్రీస్తు కొండమీది ప్రసంగంలో బోధించాడు. తిరిగి ఉపకారం చేయలేని పాత్రుడికి, తగిన దేశకాలాలలో, కర్తవ్యబుద్ధితో ఇచ్చేదే సాత్త్వికదానమని భగవద్గీత పదిహేడవ అధ్యాయం నిర్వచించింది. ఇచ్చేవాడికి బిడియం ఉండాలని తైత్తిరీయోపనిషత్తు హెచ్చరించింది. కాంట్ కూడా 1797లో, ఉపకారి తానే ఎదుటివాడి స్వీకారం వల్ల గౌరవం పొందినట్లు మెలగాలని రాశాడు. ఇవన్నీ దాత అహంకారాన్ని అణచడానికి ఉద్దేశించిన మాటలు, వాటి విలువ తక్కువది కాదు. అయినా వీటిలో ఒక పరిమితి ఉంది. సంకల్పం ఎంత శుద్ధమైనా విచారణకు కేంద్రం దాత మనస్సే. పుచ్చుకొనేవాడు పుణ్యం పండే పొలంగానో, నిష్కామతకు పరీక్షాస్థలంగానో మిగిలిపోతాడు. భారతీయ ధర్మశాస్త్రాలు ప్రతిగ్రహానికి, అంటే దానం స్వీకరించడానికి, ప్రత్యేకమైన దోషాలనూ నియమాలనూ చెప్పడం వల్ల పుచ్చుకోవడం కూడా బరువైన పనేనని గుర్తించాయి గాని, ఆ బరువును ఇద్దరూ పంచుకొనే మార్గాన్ని దానప్రకరణాలలో వెతికితే దొరకదు. అందువల్ల మనస్సును వదిలి స్థానాన్ని పరిశీలించాలి: ఆ ఇంటి ముంగిట అమెరికన్ కుటుంబం ఏ స్థానంలో నిలబడి ఉంది?

దీనికి క్రైస్తవ గ్రంథంలోనే, లూకా సువార్త పదవ అధ్యాయంలో, ఊహించనంత స్పష్టమైన సమాధానం ఉంది. ఆ అధ్యాయంలో మూడు ఘట్టాలు వరుసగా వస్తాయి, మూడింటిలోనూ ఆతిథ్యమే ఇతివృత్తం. మొదటి ఘట్టంలో క్రీస్తు డెబ్బదిమంది శిష్యులను ఊళ్లకు పంపుతూ డబ్బుసంచి గాని చెప్పులు గాని తీసుకుపోవద్దని, ఇంటింటికీ తిరగక ఒకే ఇంట ఉండి వారు పెట్టినది తినమని ఆదేశిస్తాడు. అంటే మిషన్‌కు తొలి నమూనాలో వెళ్లినవాడు ఇచ్చేవాడు కాడు, అన్నానికి ఎదురుచూసే అతిథి. రెండవ ఘట్టం మంచి సమరయుడి కథ. దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడిని ఆదుకొన్న ఈ పరాయివాడు సేవ వెతుక్కుంటూ ప్రయాణం పెట్టుకొన్నవాడు కాడు, తన దారిన తాను పోతూ ఎదురైనదానిని తప్పించుకోనివాడు. గాయాలకు కట్టుకట్టి పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారాలు అక్కడి యజమానికి ఇచ్చి, ఇంకా ఖర్చైతే తిరుగుదారిలో తీరుస్తానని చెప్పి వెళ్లిపోతాడు. రోజువారీ పరిచర్యను ఆ చోటనే ఉండే మనిషికి కూలి ఇచ్చి అప్పగించి, బాకీని మాత్రం తన మీద ఉంచుకొన్న ఈ పద్ధతిని హోండురస్ లెక్కల పక్కన పెట్టి చూస్తే కథకు కొత్త అర్థం స్ఫురిస్తుంది. మూడవ ఘట్టంలో మార్త ఇంటికి వచ్చిన క్రీస్తే అతిథి. పనుల హడావిడిలో మునిగిన మార్త కన్నా కూర్చొని ఆలకించిన మరియకే మెప్పు దక్కుతుంది. పని చేసి చూపించాలన్న తపనతో వెళ్లే యాత్రికులు గొప్ప ఆజ్ఞను తలచుకొన్నంతగా ఈ అధ్యాయాన్ని తలచుకొంటున్నట్లు కనిపించదు.

సాయం చేసేవాడు తన స్థానాన్ని తానే కట్టడి చేసుకోవడం సాధ్యమేనా అన్న సందేహానికి తెలుగునేల మీద ఒక ఉదాహరణ ఉంది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడినప్పుడు, యౌవనంలో భూమి కొలతల పని నేర్చిన క్లౌ, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొన్నాడు. ఆకలితో వచ్చినవారికి అక్కడ దొరికింది కూలి, భిక్ష కాదు. మేస్త్రీలుగా ఉన్నవారు తెలుగు బోధకులు. అన్నం కోసం మతం పుచ్చుకొన్నారన్న మాట రాకూడదని సుమారు పదిహేను నెలలు ఆయన బాప్తిస్మాలను ఆపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగినప్పుడు నీళ్లలో నిలబడి ఆ కార్యం నడిపినవారు తెలుగు బోధకులే. కరువు తరువాతి మతాంతరాల వెనుక ఆకలి జ్ఞాపకం పనిచేయలేదని ఎవరూ చెప్పలేరు, మతం మారినవారిలో అధికులైన మాదిగలలోని ఆత్మగౌరవ కాంక్ష పనిచేసిందన్నది కూడా అంతే నిజం. ఇక్కడ గ్రహించవలసినది ఆ చర్చ ఫలితం కాదు. రొట్టెను, విశ్వాసాన్ని ఒకే చేత్తో అందించరాదన్న నియమాన్ని, పరాయివాడు ముందు వరుసలో నిలబడరాదన్న నియమాన్ని ఒక మిషనరీ కష్టకాలంలో పాటించగలిగాడన్నది.

అయితే కట్టడి ఒక్కటే చాలదు. నేటి తెలంగాణలోని డోర్నకల్లులో తెలుగువారి మధ్య పనిచేస్తూ, 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఈ లోపాన్ని నిర్భయంగా ఎత్తిచూపాడు. పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. వారు అన్నీ ఇచ్చారని, తమకు కావలసినది స్నేహితులని చెప్పాడు. స్నేహం ఇద్దరూ ఒకరి ఇంటికి ఒకరు రాగలిగినప్పుడు కుదిరే సంబంధం, అందుకే దానం కన్నా అది కష్టమైనది. కెన్యాకు చెందిన ప్రెస్బిటేరియన్ నాయకుడు జాన్ గాటు 1971లో అమెరికాలోని మిల్వాకీలో మాట్లాడుతూ, పాశ్చాత్య మిషనరీలనూ నిధులనూ కొంతకాలం నిలిపివేయాలని కోరడం ఈ వాదానికి మరో మెట్టు. పుచ్చుకొనే చేయి తన కాళ్ల మీద నిలబడే మనిషిదైతే తప్ప సమానమైన పలకరింపు సాధ్యం కాదన్నది ఆయన ఉద్దేశం.

పిల్లల విషయానికి వస్తే ఈ అసమానత ఇంకా తీవ్రమవుతుంది. అనాథాశ్రమాలను సందర్శించడం కుటుంబయాత్రలలో ప్రీతిపాత్రమైన కార్యక్రమం. వచ్చిన పిల్లలు అక్కడి పిల్లలను వారం రోజులు ఆడించి, ఎత్తుకొని, ఫొటోలు దిగి వెళ్లిపోతారు, తరువాతి వారం మరొక బృందం వస్తుంది. అతుక్కోవడం, విడిపోవడం అనే ఈ ఆవృత్తి వల్ల ఆశ్రమపు పిల్లవాడికి కలిగే నష్టం ఒక ఎత్తైతే, సందర్శకుల విరాళాలు ఆశ్రమాలను పెంచి, తల్లిదండ్రులున్న పిల్లలను కూడా అనాథలుగా చేర్పించే పరిస్థితిని సృష్టించడం మరొక ఎత్తు. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత, అమెరికాలోని బాప్టిస్టు సంఘాలకు చెందిన పదిమంది 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయి అరెస్టయినప్పుడు, ఆ పిల్లలలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని తేలింది. పేద తల్లిదండ్రులకు పిల్లలను పెంచే అర్హత ఉందన్న విషయాన్నే మరచిపోయేంతగా దాతృత్వం మనిషిని కప్పివేయగలదనడానికి ఇది గట్టి సాక్ష్యం. తమ పిల్లలతో కలిసి వెళ్లిన తల్లిదండ్రులు ఈ మరుపులో పడటానికి నిజానికి తక్కువ కారణాలు ఉండాలి. తమ పిల్లలను ముక్కూమొహం తెలియనివారు వారానికొకరు వచ్చి ఎత్తుకొంటే, అడగకుండా ఫొటోలు తీస్తే తాము ఒప్పుకొంటామా అని తమను తాము ప్రశ్నించుకోగల స్థితిలో ఉన్నవారు వారే గనుక.

స్నేహానికి ఇరువైపులా రాకపోకలు కావాలన్న మాటకు తిరిగి వస్తే, అమెరికన్ కుటుంబం తొంభై రోజుల వరకు వీసా లేకుండానే హోండురస్‌లో ప్రవేశించగలదు. ఆ కుటుంబానికి అన్నం పెట్టిన హోండురస్ కుటుంబం తిరుగుప్రయాణంగా అమెరికా చూడాలనుకొంటే, సందర్శక వీసా కోరే ప్రతివారినీ, తిరిగి వెళ్తామని నిరూపించుకొనేవరకు, స్థిరపడటానికి వస్తున్నవారిగానే భావించే అమెరికా వలస చట్టం ముందు నిలబడాలి. ఆ నిరూపణలో ఆస్తిపాస్తులకు ఉన్న బరువు హైదరాబాదు కాన్సులేటులో వరుసలో నిలబడ్డ తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. చట్టాన్ని ఒక్క కుటుంబం మార్చలేదు, కాని స్నేహమని తాము పిలుస్తున్నది ఒకవైపు మాత్రమే తెరుచుకొనే తలుపని తెలుసుకోవడం, తమ పిల్లలకు చెప్పడం దాని చేతిలోనే ఉంది. ఇదే ప్రశ్న అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ వర్తిస్తుంది. తాతల ఊరి బడికి పుస్తకాలు, సంచులు పంచడానికి పిల్లలను తీసుకువచ్చినప్పుడు అక్కడ పెదనాన్న, అత్త అనే వరుసలు ఉండటం వల్ల అతిథిగా ఒదిగే అవకాశం ఎక్కువే గాని, వేదికా మైకూ వచ్చిన మరుక్షణం ఆ వరుసలు కరిగిపోయి దాత, లబ్ధిదారుడు మాత్రమే మిగులుతారు.

ఈ విచారణ ప్రయాణాన్నే నిషేధించదు. దూరంగా ఉండి పేదవాడిని అంకెగా మాత్రమే తెలుసుకోవడం దీని కన్నా మంచిదని చెప్పలేము. ఆహ్వానం అందితేనే వెళ్లడం, పని ఏదో ఆతిథ్యమిచ్చేవారినే నిర్ణయించనివ్వడం, చేతిపనికి స్థానికులకు కూలి ఇవ్వడం, ఏటా కొత్త దేశం కాక అదే ఊరికి మళ్లీ వెళ్లడం, భాషలో నాలుగు మాటలైనా నేర్చుకోవడం వంటి నియమాలు విమర్శకులలో చాలామంది ఇప్పటికే చెప్పినవే. వీటన్నిటికీ ఆధారమైన భావం ఒకటుంది, దానిని వైదిక సాహిత్యం సూటిగా చెప్పింది. పుట్టిన ప్రతివాడూ దేవతలకు, ఋషులకు, పితరులకు మాత్రమే గాక మనుషులకు కూడా ఋణపడి ఉంటాడని, ఆ నాలుగవ ఋణం ఆశ్రయమిచ్చి అన్నం పెట్టడం వల్ల తీరుతుందని శతపథ బ్రాహ్మణం అంటుంది. దాత ఇచ్చి వెళ్లిపోతే అతని ఖాతా ముగిసినట్లే. అతిథి తిని వెళ్తే అతని ఖాతా అప్పుడే మొదలవుతుంది. పేద ఇంట అన్నం తిన్న అమెరికన్ పిల్లవాడు తనకు ఉన్నవాటికి సంతోషించడం నేర్చుకొని వస్తే, ఆ ఇల్లు అతనికి ఒక పాఠంగానే మిగులుతుంది. ఆ ఇంటికి తాను బాకీ ఉన్నానని, ఆ ఇంటివారు ఏదో ఒకనాడు అడిగితే కాదనే హక్కు తనకు లేదని తెలుసుకొని వస్తే, అతని తల్లిదండ్రులు పెట్టిన ఖర్చుకు నైతికమైన సమర్థన ఉంది. ఆ బాకీని వారు ఏ విధంగా తీరుస్తారో, వలస చట్టాల మీద, వాణిజ్య విధానాల మీద తమ ఊళ్లో ఏ పక్షాన నిలబడతారో చూసిన తరువాతనే ఆ యాత్ర ధర్మమా కాదా అన్నది నిర్ణయమవుతుంది.